చిటికెనవేలు

నల్లచెరువు మూడో లైన్లో జెరాక్స్ షాపు నాది.
గాజుబల్ల మీద అరచేతిలో పట్టే యంత్రం,
దాని నొసట ఎర్రదీపం.
వేలు పెడితే బ్యాంకు పలుకుతుంది.

రాహేలమ్మ వేలికి పలకదు.

పదహారేళ్లు మిరపకాయల తొడిమలు తీసిన వేలు.
గీతలన్నీ టిక్కీల్లోకెక్కి
ఏ ఊరి పచ్చట్లోనో కలిసిపోయాయి.
"ఇంకోసారి పెట్టమ్మా" అంటాను.
కొంగుకు తుడుస్తుంది. నుదుటికి రాస్తుంది,
కాస్త జిడ్డు అంటితే పడుతుందని ఎవరో చెప్పారట.
బొటనవేలు.
చూపుడువేలు.
ఉంగరం ఎరగని ఉంగరపువేలు.
చివరికి చిటికెనవేలికి పచ్చదీపం.
"దీనికి పని తక్కువయ్యా, అందుకే మిగిలింది"
అని నవ్వింది.

మే నెల. యార్డు మూసేసి
ఊరంతా తుమ్మడం మానేసే నెల.
మా లైనుకు మాత్రం అప్పుల నెల.
సాయంత్రం ఆరింటికి డైలీ ఫైనాన్సు బండి హారన్ మోగితే
తలుపులు వాటంతటవే దగ్గరపడతాయి.
పదివేలని రాసుకుని ఎనిమిదిన్నర చేతిలో పెట్టి
వంద రోజులు, రోజుకో వంద.
ఆ కుర్రాడి పేరేమిటో ఎవరూ అడగలేదు.
పిల్లలు కూడా "డైలీ వచ్చాడమ్మా" అనే అంటారు.

ఈ నెల ఫోను ముందు మోగింది.
మెసేజ్ నా చేతే చదివించుకుంది, రెండుసార్లు.
రెండోసారి అంకె కోసం కాదు, పేరు కోసం.
"రాహేలు అనే రాశారా? ఇస్రాయేలు భార్య అని లేదా?"
లేదన్నాను.
కాసేపు ఫోను వెనక్కి తీసుకోలేదు.

ఎంత పడిందని అడక్కండి.
కారాపి ఆస్తి కాగితాలు జెరాక్స్ తీయించుకునే పెద్దమనిషి
ఆ మొత్తానికి నోరారా నవ్వుతాడు.
"ఊరికే ఇస్తే సోమరులైపోరటయ్యా?"
నేను చిల్లర లెక్కపెడుతూ తలూపుతాను.
తలూపడానికి ఖర్చేముంది?

మర్నాడు మేస్త్రీ వచ్చాడు, కోల్డ్ స్టోరేజీలో పనుందని.
ఖాళీ నెల కదా, కూలిలో డెబ్భై కోసి చెప్పాడు.
ఏటా ఆ మాటకి ఆటో నిండిపోయేది.
ఈసారి రాహేలమ్మ అరుగు మీద బియ్యం ఏరుతూ
"పాత కూలైతే వస్తాం" అంది.
తల ఎత్తలేదు. గొంతు పెంచలేదు.
పక్కింటి సుభాన్‌బీ కూడా చేట కిందపెట్టలేదు.
ఆటో ఖాళీగా వెళ్లి
రెండు రోజులకి డెబ్భైతో సహా తిరిగొచ్చింది.

సుభాన్‌బీకి నిజానికి డబ్బు పడలేదు.
జాబితాలో పేరు తప్పు పడిందట, ఇప్పటికి ఐదు అర్జీలు.
అయినా చేట దించలేదు.
దాన్నేమంటారో నాకు తెలీదు.

ఇస్రాయేలు ఒకరోజు షాపుకొచ్చాడు, కళ్లు ఎర్రగా.
"మా ఆవిడ ఏ వేలు పెడుతుందిరా?"
"యంత్రానికి తెలుసు, నాకు తెలీదు" అన్నాను.
నా జీవితంలో పనికొచ్చిన అబద్ధాలు తక్కువ.
అదొకటి.

ఇంకోటి కూడా చెప్పాలి.
వెయ్యికి ఇరవై నేనూ కోసుకునేవాణ్ని.
ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.
మొన్న రాహేలమ్మ నోట్లు తీసుకుని
వెళ్లిపోలేదు.
గాజుబల్ల మీదే పరిచి
నలుగురూ వినేలా లెక్కపెట్టింది.
"నలభై తక్కువుందయ్యా."
కోపం లేదు. ఉప్పు తక్కువైందన్నట్టు చెప్పింది, అంతే.
గల్లా తెరిచి ఇచ్చేశాను.
వెనకున్న వరుస ఒక్కసారిగా
తమ నోట్లు విప్పిన చప్పుడు.

రాత్రి షట్టరు దించే ముందు
ఎందుకో నా బొటనవేలు యంత్రం మీద పెట్టాను.
మొదటిసారికే పచ్చదీపం.
గీతలన్నీ ఉన్నాయి,
ఒక్కటీ అరగలేదు.